‘ఉద్యమం’ అని అడిగితే ఎవరూ చెప్పరు: ఊళ్లో పెద్దవాళ్ల కథలు రికార్డు చేసే పద్ధతి

ముప్పై ఒక్క ఏళ్లు అమలాపురం చుట్టుపక్కల బస్సుల్లో కండక్టరుగా చేశాను. రాజోలు, ముక్తేశ్వరం, అంతర్వేది, ఎటు వెళ్లినా ఇప్పటికీ ‘కండక్టరుగారూ’ అనే పిలుస్తారు. రిటైరయ్యాక కథలు పోగేస్తున్నాను. పోగేయడం అంటే పెద్దవాళ్ల దగ్గర కూచుని, చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి, ఇంటికొచ్చి నోటుపుస్తకంలోకి ఎక్కించడం. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. కొబ్బరి దింపు కార్మికులు, కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసిన ఆడవాళ్లు, పేటలో రాత్రిబడి నడిపినాయన, పంతులూ పాస్టరూ లేకుండా దండలు మార్చుకుని పెళ్లి చేసుకున్న ఒక జంట. ఏదో ఒక రోజున ‘ఇలా కుదరదు’ అని గట్టిగా నిలబడ్డవాళ్లే అందరూ. ఒక్కరి పేరూ పేపర్లో రాలేదు.

ఈ పని ఎలా చెయ్యాలని ఈమధ్య మా ఊరి కుర్రాళ్లు అడుగుతున్నారు. నేను చదివింది ఇంటరే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడుచేసుకుని నేర్చుకున్నాను. మీరు అవే పాడుచేయకుండా ఉంటారని రాస్తున్నాను.

మొట్టమొదట పాడుచేసింది మా అమ్మ కథ. మా పేటవాళ్లు ఊరి మంచినీళ్ల చెరువులో దిగకూడదని ఉండేది. గట్టున బిందె పెట్టుకుని నిలబడితే ఎవరో దయతలచి పోసేవాళ్లు. ఒక రోజు మా పేట ఆడవాళ్లు కొందరు నేరుగా మెట్లు దిగిపోయారు. అమ్మ వాళ్లలో ఉంది. ‘నా బిందె మీద చెయ్యేసి లాగాడురా’ అని వంకాయలు తరుగుతూ చెప్పేది, అంతలో పొయ్యి మీద ఏదో పొంగితే లేచి వెళ్లిపోయేది. నా జేబులో ఫోన్ ఉంది. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను. అది ఏ సంవత్సరమో, ముందు దిగిందెవరో, లాగినవాడెవరో నాకు తెలియదు. బిందె ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దానికో నొక్కు ఉంది. ఆ నొక్కు ఆ రోజుదా, తర్వాతెప్పుడో పడ్డదా కూడా అడగలేదు.

కాబట్టి మొదటి కథ మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. ఈ ఆదివారమే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

మైకు పట్టుకున్నాయన దగ్గరికి కాదు, ఆ మైకుకి కరెంటు ఇచ్చిన ఇంటికి వెళ్లండి. నాయకుడు తన కథ ఇప్పటికే వందసార్లు చెప్పి ఉంటాడు, అది అరిగిపోయి నున్నగా ఉంటుంది. పక్కన నిలబడ్డవాళ్ల దగ్గర గరుకు మిగిలి ఉంటుంది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు మా వైపు వెతికినా దొరకదు. 1847 నుంచి 1852 దాకా ఆ రాళ్లు మోసినవాళ్ల పేరుతో ఒక్క అరుగైనా నేను చూడలేదు. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారని బళ్లో చదువుకున్నాం. పెళ్లికూతురు గౌరమ్మ ఆ రాత్రి ఏమనుకుందో మాకు ఏ మాస్టారూ చెప్పలేదు. వాళ్లను ఇక అడగలేం. ఇప్పుడున్నవాళ్లను అడగొచ్చు.

2011 సార్వా, అంటే వానాకాలం పంట సంగతే చూడండి. మా కోనసీమ రైతులు ఊడుపులు మానేసి క్రాప్ హాలిడే అన్నారు. ధర గిట్టడం లేదని, డ్రైన్లు పూడుకుపోయి చేలు మునుగుతున్నాయని వాళ్ల బాధ. న్యాయమైన బాధే. దేశమంతా తెలిసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. నేను వెళ్లింది ఊడుపుల ముఠాలో ఉన్న ఒకావిడ దగ్గరికి. ఆ నాలుగు నెలలూ ఎలా గడిచాయని అడిగితే వేళ్ల మీద లెక్క చెప్పింది: దుద్దులు తాకట్టు, మేక అమ్మకం, హైదరాబాదులో అపార్ట్‌మెంటు కాపలాకి మొగుడు, పెద్దపిల్ల తొమ్మిదో తరగతి ఆపు. ‘రైతుగారు హాలిడే అన్నారండి, మా పొయ్యికి హాలిడే లేదు కదండి’ అంది. రైతుల మీద కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే చెప్పింది. ఒకే ఉద్యమంలో రెండు కథలుంటాయని నాకు ఆవిడ వల్ల తెలిసింది. అప్పట్నుంచీ ఏ కథ విన్నా, దీని వల్ల పని పోయినవాళ్లెవరని ఒకసారి వెతుక్కుంటాను.

కొత్తవాటిని కూడా వదలకండి. భీమవరం పక్క తుందుర్రులో 2016, 17ల్లో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కారు, 144 సెక్షన్ పెట్టారు. గొంతేరు పాడైపోతుందని వాళ్ల భయం. ఇలాంటివాటికి కావలసినంత వీడియో ఉందిలే అనుకుంటాం. ఆ వీడియోలన్నీ ఎవరెవరి ఫోన్లలోనో ఉంటాయి, ఫోన్ గోదాట్లో పడ్డా, మార్చినా పోతాయి. కొత్త ఉద్యమమైతే ముందు వీడియోలు కాపీ చేసుకుని, ఆ తర్వాత మాట్లాడండి.

ఎలా అడగాలి

నా రెండో ప్రయత్నం అంబాజీపేట వైపు ఒక పెద్దావిడ దగ్గర. కూలి పెంచమని పీచుపని ఆడవాళ్లు పని ఆపేశారని బస్సులో ఎవరో అనగా విన్నాను. వెళ్లి కూచుని, కాలేజీ కుర్రాడిలా ‘మీ పోరాటం గురించి చెప్పండి పెద్దమ్మా’ అన్నాను.

‘మేం పోరాటాలెందుకు చేస్తాం బాబూ. మర్యాదగా బతికినోళ్లం.’

అయిపోయింది. లేచి వచ్చేయబోతూ ఊరికే అడిగాను: ‘డొక్కలు నానబెట్టే గొయ్యి ఎక్కడుండేది?’

ఆవిడ నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. గొయ్యి పూడ్చేశారు, అరటి వేశారు. అక్కడ నిలబడి గంటన్నర చెప్పింది. ఆ నీళ్ల కంపు ఎలా ఉండేదో, నానిన డొక్కని కర్రతో కొడుతుంటే చేతులు ఎలా పగిలేవో, అన్నం కలుపుకుంటే కారం ఎలా మండేదో. చివరికి ‘పదకొండు రోజులు ఎవ్వరం ఎల్లలేదు’ అంది. ఆ పదకొండు రోజుల్నే నేను పోరాటం అన్నాను. ఆవిడ మటుకు ‘ఆ గొడవ’ అంటుంది.

వాళ్ల మాట దొరికేదాకా ఆగాలి, దొరికాక ఆ మాటతోనే అడగాలి. ఉద్యమం, హక్కు, వివక్ష, ఇవి మన మాటలు. వాళ్లు ‘ఆ గొడవ’, ‘పని ఆపిన యేడు’, ‘కేసులైనప్పుడు’ అంటారు. దండల పెళ్లి జంటను ఆదర్శ వివాహం అని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ‘అప్పుడు డబ్బుల్లేవండి, ఆ తర్వాత ఆదర్శం అయింది’ అన్నాడాయన. ఆవిడ ఒప్పుకోలేదు. తాళి వద్దన్నది తనేనని, అది ఆదర్శమేనని గట్టిగా చెప్పింది. ఇద్దర్నీ కలిపి కూచోబెట్టినందువల్ల ఆ తగువు దొరికింది. తర్వాత ఆవిడతో విడిగా మాట్లాడినందువల్ల, పుట్టింటి గుమ్మం పద్దెనిమిదేళ్లు తొక్కలేదన్న సంగతి దొరికింది. రెండూ చెయ్యండి, మొదట కలిపి, తర్వాత విడిగా.

వస్తువు గురించి అడిగితే మాట వస్తుంది. కత్తి, బిందె, రేషన్ కార్డు, పాత చెప్పులు. ‘మీకు బాధ కలిగిందా’ అని అడిగితే కలిగిందనే అంటారు, అంతకుమించి రాదు. ‘ఆ రాత్రి ఏం వండుకున్నారు’ అంటే ఎవరు బియ్యం ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో, ఎవరు చీకట్లో దొడ్డిదారిన తెచ్చి పెట్టారో మొత్తం బయటికొస్తుంది.

మాట ఆగితే మీరు అందుకోకండి. బస్సులో అయితే నేనే అందుకునేవాణ్ణి, చిల్లర చిల్లర అని. ఇక్కడ ఆగడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టండి. అప్పుడు వచ్చేదే అసలు కథ.

ఏ సంవత్సరం అని అడగొద్దు

అడిగితే ‘ఎవరికి గుర్తుంటాయి బాబూ’ అంటారు. మా డెల్టాలో సంవత్సరాలకు అంకెలుండవు, గాలీ నీళ్లూ ఉంటాయి. నేను ఒక అట్టముక్క మీద ఇవి రాసుకుని జేబులో పెట్టుకుంటాను: 1953 వరద, 1986 ఆగస్టు పెద్ద గోదారి, 1996 నవంబర్ 6 రాత్రి తుపాను, 1995 జనవరిలో పాసర్లపూడిలో గ్యాసు బావి అంటుకుని అరవై అయిదు రోజులు మండిన మంట. రామారావు గెలిచిన 1983. పుష్కరాలైతే పన్నెండేళ్లకొకసారి: 1967, 1979, 1991, 2003, 2015.

‘ఆ గొడవ పెద్ద గోదారికి ముందా తర్వాతా పెద్దమ్మా?’

‘ముందే. గోదారొచ్చినప్పుడు మా చిన్నోడు చంకలో ఉన్నాడు. గొడవప్పుడు కడుపులో ఉన్నాడు.’

పిల్లాడి బడి సర్టిఫికెట్ అడిగి చూస్తే సంవత్సరం తేలింది. సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్ నెలలో ఉంటే నమ్మకండి. మా అందరికీ మాస్టార్లు జూన్‌లోనే పుట్టించారు. సంవత్సరం కూడా ఒకటి అటూ ఇటూ ఉంటుంది.

ఇంకా దగ్గరగా తేల్చాలంటే ఊడుపులా కోతలా, సార్వానా దాళ్వానా, మామిడికాయ ఊరగాయ పెట్టారా లేదా అని అడగండి. మా లంకల వాళ్లనైతే పంటు మీద దాటి వెళ్లారా, బ్రిడ్జి మీద వెళ్లారా అని అడుగుతాను.

ఫోన్, ఫ్యాను, కోడి

మామూలు ఫోన్ చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేదంటే మధ్యలో లోన్ కావాలా అని ఎవరో ఫోన్ చేస్తారు. నా మూడో రికార్డింగు మొత్తం ఫ్యాను చప్పుడే. మే నెల, ముసలాయనకి ఉక్కపోత, ఫ్యాను ఆపమనడానికి మనసొప్పలేదు. గంటా పది నిమిషాలు గరగర. అందుకే ఇప్పుడు పొద్దున్న ఏడింటికే వెళ్తాను, చెట్టు కింద కూచుంటాం. కోళ్లు అరుస్తాయి, అరవనివ్వండి. కోడి కూత మాటను మింగదు, ఫ్యాను మింగేస్తుంది.

ఫోన్‌ని వాళ్ల నోటికి మూరెడు దూరంలో, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. మంచం పట్టె మీదో స్టీలు పళ్లెంలోనో పెట్టొద్దు, కదిలినప్పుడల్లా దడదడమంటుంది. మొదలుపెట్టగానే తారీఖు, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారు అన్నది మీ గొంతుతో చెప్పండి. పది రికార్డింగులయ్యాక ఏది ఎవరిదో మీకే గుర్తుండదు.

ఇక నా ఉద్యోగం నేర్పిన పని ఒకటి ఉంది. ప్రతి స్టేజీలోనూ కండక్టరు ఎస్సార్ మీద, అంటే టికెట్ల లెక్క రాసుకునే కాగితం మీద, టికెట్ నంబరు వేసుకునేవాడు. తనిఖీవాళ్లు ఎక్కినా, రాత్రి లెక్క తేడా వచ్చినా ఎక్కడ తప్పిందో దాన్ని బట్టే పట్టుకునేవాళ్లం. నేను రికార్డింగులోనూ అంతే చేస్తాను. మాట మలుపు తిరిగినప్పుడల్లా చిన్న కాగితం మీద నిమిషం వేసుకుంటాను: ‘14, గొయ్యి’. ‘31, మేస్త్రీ’. ‘52, ఏడ్చింది, ఆపాను’. రెండు గంటల రికార్డింగులో మేస్త్రీ మాట కోసం మళ్లీ మొదట్నుంచీ వినక్కర్లేదు. ఇది మాత్రం నాకు తెలిసినంతలో ఏ పుస్తకంలోనూ లేదు, మా డిపోలో ఉంది.

కొంతమంది చెప్పలేరు, పాడతారు. ఊడుపుల పాట మొదలుపెడితే మధ్యలో ‘దీనికి అర్థం ఏంటి’ అని అడ్డం పడకండి, పూర్తిగా పాడనివ్వండి. ఎనభై దాటిన ఒక తాతగారు గరిమెళ్ళవారి తెల్లదొరతనం పాట వరసలోనే ‘మాకొద్దీ నల్లదొరతనం’ అంటూ రెండు చరణాలు పాడారు. ఆయనకి వాళ్ల నాన్న నేర్పారట. రాసింది రాజమండ్రి కుసుమ ధర్మన్నగారని, దళితుల ఆది ఆంధ్ర ఉద్యమంలో మనిషని నాకు ఆ తర్వాత తెలిసింది. తెల్లదొరతనం పాట నాకు బళ్లోనే వచ్చు. రెండోది వినడానికి రిటైరవ్వాల్సి వచ్చింది.

ఎవరు వినొచ్చు

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఈ పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

ఒకావిడ తన యజమాని ఇంట్లో జరిగింది చెప్పింది, పేరు రాయొద్దంది. సరేనన్నాను. ఒక సభలో ఆ కథ చదివాను, పేరు చెప్పలేదు. చెరువు పక్క చింతచెట్టు, ఆ వెనక మూడో ఇల్లు అని మాత్రం చదివాను. మా ఊళ్లలో అంతకంటే అడ్రసు అక్కర్లేదు. మర్నాడు వాళ్లబ్బాయి మా ఇంటికొచ్చి నిలబడి, ‘మా అమ్మ బతికుండగానే పరువు తీశారు కదండి’ అన్నాడు. ఏం చెప్పను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆ రికార్డింగు చెరిపేసి, నోటుపుస్తకంలో పేజీలు చింపి ఆ అబ్బాయికే ఇచ్చాను. నలభై ఒకటిలో అది లేదు.

పేరు తీసేస్తే చాలదు. చెట్టు, చేసే పని, ఎంతమంది పిల్లలు, ఏ చేతికి గాయం, వీటిలో ఏ రెండు కలిసినా మనిషి దొరికిపోతాడు. రాసింది ఆ ఊరివాళ్లొకరికి చూపించి, ఇదెవరో చెప్పగలవా అని అడగండి. చెప్పగలిగితే మళ్లీ రాయండి.

అనుమతి రెండుసార్లు తీసుకోండి. మొదట అడిగినప్పుడు వాళ్లేం చెప్పబోతున్నారో వాళ్లకే తెలియదు, కాబట్టి అది లెక్కలోకి రాదు. అంతా చెప్పాక మళ్లీ అడగండి: ఇది ఎవరైనా వినొచ్చా, మీ ఇంట్లోవాళ్లే వినాలా, మీ తదనంతరం వినొచ్చా? మూడో మాట అడగడానికి నోరు రాదు. అడిగితే మాత్రం ‘అదే బాగుంది, నేను పోయాక ఎవరికి కావాలంటే వాళ్లకి’ అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నవాళ్లు అయిదారుగురున్నారు.

వద్దంటే లేచి రండి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. మా జిల్లాల్లో ఆ కుటుంబాల అమ్మమ్మల కథలు చాలా ఇళ్లలో తలుపు వెనకే ఉన్నాయి. ఒక ఇంటికి వెళ్లాను. మజ్జిగ ఇచ్చారు, ఫోటోల పెట్టె మాత్రం తీయలేదు. వాళ్లిష్టం. మజ్జిగ తాగి వచ్చేశాను.

డబ్బు ఇవ్వాలా అని కుర్రాళ్లు అడుగుతారు. కథకి డబ్బు ఇవ్వను. కూలి పోగొట్టుకుని కూచుంటే ఆ పూట కూలి ఇస్తాను. పళ్లు పట్టుకెళ్తాను. షుగరుందేమో కనుక్కుని పట్టుకెళ్లండి.

నిజమేనా

ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. ఒకాయన పోలీసులు రెండు జీపుల్లో వచ్చారంటాడు, ఇంకొకాయన జీపే రాలేదంటాడు. సర్దకండి, రెండూ రాసి, ఏది ఎవరి మాటో పెట్టండి. తర్వాత కాగితం వెతకండి. బడి అడ్మిషన్ రిజిస్టరు, కోర్టు తీర్పు నకలు, కూలి కార్డు, పెళ్లి ఫోటో వెనకాల స్టూడియో ముద్ర. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలున్నాయి, తుమ్ములొస్తాయి, గుడ్డ కట్టుకుని వెళ్లండి. కాగితంలో లేదు కాబట్టి జరగలేదని మాత్రం అనకండి. మా అమ్మ బిందె గురించి ఏ కాగితంలో ఉంటుంది?

కాగితం మీదకి ఎక్కించేటప్పుడు వాళ్ల యాస దిద్దొద్దు. ‘ఎల్లాం’ అంటే ‘వెళ్లాము’ అని రాయకండి. ‘ఆయ్’ అంటే ‘ఆయ్’ అనే ఉంచండి. గంట రికార్డింగుకి నాకు ఆరేడు గంటలు పడుతుంది. ఫోన్‌లో మాట్లాడితే దానంతటదే టైపయ్యే సదుపాయాలు వచ్చాయి, మా మనవరాలు పెట్టి చూపించింది. డొక్కని ‘డొక్కు’ అని రాసింది. వాడుకోండి, పక్కనే కూచుని దిద్దుకోండి.

రికార్డింగు మూడు చోట్ల ఉండాలి: మీ దగ్గర ఒకటి, పక్క ఊళ్లో చుట్టాల దగ్గర పెన్‌డ్రైవులో ఒకటి, చెప్పినవాళ్ల ఇంట్లో ఒకటి. పక్క ఊరు ఎందుకంటే, గోదారొస్తే మన ఇంట్లో రెండు కాపీలూ కలిసే తడుస్తాయి.

చివరి పని, రాసింది తీసుకెళ్లి చదివి వినిపించడం. ఇది మానేస్తే మిగతాదంతా సగంపనే. అంబాజీపేట పెద్దమ్మ దగ్గరికి పది పేజీలు జిరాక్స్ తీయించి పట్టుకెళ్లాను. చెట్టు కింద కూచుని చదువుతుంటే తలూపుతూ వింది. ‘పదకొండు రోజులు ఎవ్వరం ఎల్లలేదు’ దగ్గరికి వచ్చాక చెయ్యి పైకెత్తింది.

‘అది తప్పు బాబూ. తొమ్మిది రోజులే నేను. పదో రోజు తెల్లారగట్ట ఎవరూ చూడకుండా ఎల్లాను. చిన్నదానికి జొరం.’

ఇది రాయమంటారా, వదిలేయమంటారా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. పదహారు దగ్గర అంది:

‘రాయి. ఆళ్లలో ఇద్దరు ఇంకా ఉన్నారు. నేను చెప్పలేకపోయాను, ఇందులో చదువుకుంటారు.’